డోన్‌లో ఉగ్గాని, గుత్తిలో ఎదురుగాలి

శ్రీనగర్‌లో మొదలుపెట్టిన 44వ జాతీయ రహదారి మీదే సైకిల్‌పై కన్యాకుమారికి పోతున్నా, ఒంటరిగా. కర్నూలులో తుంగభద్ర వంతెన దాటగానే సొంత సీమ.

డోన్‌లో ఉగ్గాని బజ్జీ తింటుంటే హోటల్ అవ్వ అడిగింది: "ఒక్కదానివే యాడికి పోతాండావు మ్మా?"

"కన్యాకుమారికి, అవ్వా."

"బస్సులు లేవా?"

ఇంకో రెండు బజ్జీలు వేసి, డబ్బులు మాత్రం తీసుకోలేదు.

గుత్తి దాటాక చిన్న గేర్‌లో తొక్కినా బండి కదలనంటోంది. జూలై కదా, నైరుతి గాలి ముఖాన కొడుతుంది. వాన పెద్దగా ఉండదు, పడమటి కనుమల్లోనే మేఘాలు చాలావరకు కురిసేస్తాయి. మాకు మిగిలేది గాలే! అందుకే తెల్లారకముందే బయల్దేరుతున్నా.

లారీలంటే టెన్షన్ లేదు. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులంటేనే. రేపు పెనుకొండ వైపు.