వించ్ బలం మూడో వరుసలో చూడాలి

మా పొలానికి వెళ్ళే డొంకలో అక్టోబరు వానలకు పికప్ దిగబడిన సాయంత్రం వరకు, దిగబడిన బండిని మోటారుతో తాడు చుట్టుకుంటూ బయటికి లాగే వించ్ పెట్టె మీద అచ్చువేసిన అంకెనే నేను దాని అసలు బలంగా నమ్మాను. మాది పల్నాడు, డొంక పొడవునా నల్లరేగడి. బండి శ్రీసిటీలో తయారైన ఇసుజు వి-క్రాస్, ఫోర్ వీల్ డ్రైవ్. ఆ రోజు బండిలో నలుగురం ఉన్నాం, వెనుక తొట్టిలో సబ్‌మెర్సిబుల్ మోటారు, పైపులు, పనిముట్లు ఉన్నాయి. ముందు చక్రాలు రెండూ హబ్ (చక్రం నడిమి భాగం) దాకా కూరుకుపోయాయి. బంపర్‌లో 8,000 పౌండ్ల వించ్ ఉందన్న ధైర్యంతో, ఎనిమిది మీటర్ల దూరంలో కనిపించిన తుమ్మచెట్టుకు పట్టీ చుట్టి తాడు తగిలించాను. తాడు బిగుసుకుంది, మోటారు చప్పుడు బరువెక్కింది, హెడ్‌లైట్ల వెలుగు తగ్గింది, తాడు చుట్టుకునే డ్రమ్ము అలాగే ఆగిపోయింది. మోటారును చల్లారనిచ్చి మరో రెండుసార్లు ప్రయత్నించినా బండి అంగుళం కదలలేదు.

పక్క పొలం బాబాయి వచ్చి చూసి, "తడినేలలో తుమ్మను నమ్మొద్దు అబ్బాయ్, వేరుతో సహా నీ మీదికే వస్తుంది. ఆ గట్టు మీది వేపకు కట్టు" అన్నాడు. వేప బంపర్ నుంచి ఇరవై మీటర్ల దూరంలో ఉంది. తాడు దాదాపు అంతా విప్పి దానికి కట్టాం. అదే వించ్, అదే బురద, అదే బరువు. బండి మెల్లగా ముందుకు జరిగి గట్టి నేల ఎక్కింది. బాబాయి ఆలోచించింది చెట్టు గట్టితనం గురించి. బండి బయటపడటానికి కారణం మాత్రం తాడు పొడవు. ఇంటికి వచ్చాక కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ సంగతి తెలిసింది.

వించ్ డ్రమ్ము మీద తాడు ఒకదానిపై ఒకటిగా వరుసలు కడుతుంది. కంపెనీ ప్రకటించే బలం, డ్రమ్ముకు ఆనుకుని ఉండే మొదటి వరుసలో మాత్రమే దొరుకుతుంది. మోటారు, గేర్లు కలిసి డ్రమ్మును తిప్పే శక్తి ఎంతో అంతే ఉంటుంది కాబట్టి, వరుస పెరిగి తాడు డ్రమ్ము మధ్య నుంచి దూరం జరిగిన కొద్దీ లాగే బలం తగ్గుతుంది. డ్రమ్ము వ్యాసం 64 మిల్లీమీటర్లు, తాడు మందం 9 మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేస్తే, మొదటి వరుసలో నూరుపాళ్ళు ఉన్న బలం రెండో వరుసకు సుమారు 80, మూడో వరుసకు 67, నాలుగో వరుసకు 57 పాళ్ళకు దిగిపోతుంది. నా 8,000 పౌండ్ల వించ్ కిలోల్లో చెప్పాలంటే 3,629 కిలోలు లాగేది. మూడో వరుసలో దాని బలం 2,430 కిలోలు మాత్రమే.

తాడు ఎంత విప్పితే ఏ వరుస మీద ఉంటామో కూడా లెక్క వేశాను. డ్రమ్ము వెడల్పు 225 మిల్లీమీటర్లయితే వరుసకు పాతిక చుట్లు పడతాయి. మొదటి వరుసలో 5.7 మీటర్లు, రెండో దానిలో 7.1, మూడో దానిలో 8.6, మిగిలిన 3.6 మీటర్లు నాలుగో వరుసలో కలిపి 25 మీటర్ల తాడు సరిపోతుంది. అంటే 19 మీటర్లకు పైగా తాడు బయటికి వస్తే తప్ప మొదటి వరుస రాదు. సింథటిక్ తాడుకు డ్రమ్ము మీద కనీసం పది చుట్లు మిగల్చాలి గనుక, పెట్టె మీది అంకె నిజమయ్యేది ఆ చివరి మూడున్నర మీటర్ల నిడివిలోనే. ఎనిమిది మీటర్ల దూరపు తుమ్మకు కట్టినప్పుడు నేను మూడో వరుస మీద ఉన్నాను. వేపకు కట్టినప్పుడు మొదటి వరుస మీదికి వచ్చాను.

ఇక లాగవలసిన బరువు సంగతి. వించ్ బలం వాహనం నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది అందరూ చెప్పే సూత్రం, అది మంచి సూత్రమే. నేను తప్పు చేసింది బరువు దగ్గర. ఖాళీ బండి బరువు రెండు టన్నులు అనుకుని, ఒకటిన్నర రెట్లంటే 3,000 కిలోలని, 8,000 పౌండ్లు ధారాళంగా సరిపోతుందని తేల్చుకున్నాను. దిగబడిన మర్నాడు, అవే సామాన్లతో, అదే నలుగురితో, డీజిల్ ట్యాంకు నింపి కాటా ఎక్కించాను. చీటీలో 2,520 కిలోలు వచ్చింది. వెనుక తొట్టి మీద బిగించిన కానపీ (కప్పు), వించ్, దాన్ని బండికి బిగించే ఇనుప మౌంటు, టూల్ పెట్టె ఒక్కొక్కటిగా ఎంత బరువు చేర్చాయో నాకు అప్పటి దాకా పట్టలేదు. 2,520కి ఒకటిన్నర రెట్లు 3,780 కిలోలు, అంటే 8,300 పౌండ్లకు పైమాటే. బండి కొనేటప్పుడు ఇచ్చే పుస్తకం చూసి కాదు, మీరు అడవికి, పొలానికి నిజంగా వెళ్ళే తీరులో నింపి తూచిన కాటా చీటీ చూసి వించ్ కొనండి. ముందు చక్రాలను మాత్రమే కాటా మీద ఉంచి రెండో చీటీ తీసుకుంటే ముందు ఇరుసు మీద ఎంత బరువు పడుతోందో కూడా తెలుస్తుంది. దాని అవసరం తర్వాత చెబుతాను.

బురద లోతును బట్టి లాగవలసిన బలం మారుతుంది. సైన్యంలో వాహనాలను బయటికి లాగేవాళ్ళు పాటించే మోటు లెక్క ఒకటి ఉంది: బురద హబ్ దాకా ఉంటే వాహనం బరువంత బలం కావాలి, హబ్ దాటి మడ్‌గార్డు దాకా వస్తే రెండింతలు, క్యాబిన్ దాకా మునిగితే మూడింతలు. చుట్టూ తడి నల్లరేగడి ఎలా పట్టుకుంటుందో చూసినవారికి ఈ లెక్క అతిశయోక్తి అనిపించదు. అది టైరు గాళ్ళన్నీ నింపి చక్రాన్ని నున్నటి ముద్దగా చేస్తుంది, అడుగున బండి చట్రాన్ని (ఛాసిస్‌ను) పీల్చి పట్టుకుంటుంది. నా విషయంలో బురద హబ్ దాకానే ఉంది గనుక 2,520 కిలోల బలం కావాలి. మూడో వరుస ఇచ్చింది 2,430. తొంభై కిలోలు తక్కువ పడింది. మొదటి వరుసకు వెయ్యి కిలోల మిగులు ఉంది.

అందుకే ఒకటిన్నర రెట్ల సూత్రానికి నేను ఇంకో పరీక్ష జోడించుకున్నాను: మూడో వరుసలో వించ్ లాగే బలం, బండి నిండు బరువును మించాలి. మనకు కావలసిన దూరంలో చెట్టు ఎప్పుడూ ఉండదు, సాధారణంగా దొరికేది పది మీటర్ల లోపలే. మంచి తయారీదారులు వరుసవారీగా బలం ఎంతో పట్టిక ఇస్తారు, అది లేని వించ్‌ను నేను కొనను. కొందరు, దిగబడకుండా చక్రాల మీద తేలిగ్గా దొర్లే బండిని ఎంత బరువు దాకా లాగగలదో ఆ అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తారు, అది చూసి మోసపోకూడదు. నా బండి బరువుకు 9,500 పౌండ్ల వించ్ కుదిరింది. దాని బలం 4,309 కిలోలు, మూడో వరుసలో 2,880 దాకా వస్తుంది. రూఫ్ టెంటు, ఇనుప బంపర్, నీళ్ళ ట్యాంకు చేర్చి నిండు బరువు 3,200 కిలోలకు చేరిన బండికి మాత్రం 4,800 కిలోలు కావాలి. అప్పుడు 9,500, 10,000 పౌండ్ల వించ్‌లు రెండూ చాలవు, 12,000 పౌండ్లకే వెళ్ళాలి.

అయితే అందరూ 12,000 పౌండ్లే ఎందుకు కొనకూడదని ఓ మిత్రుడు అడిగాడు. పెద్ద వించ్‌కు తాడు లావవుతుంది, అది బిగించే మౌంటు కూడా గట్టిగా ఉండాలి, ఆ బరువంతా ముందు ఇరుసుకు ముందుగా వేలాడుతుంది. రెండో కాటా చీటీ అవసరం ఇక్కడే. డీజిల్ ఇంజన్ ఉన్న పికప్‌కు ముందు భాగం ముందే బరువు. అక్కడ ఇంకా చేర్చిన కొద్దీ ముందు స్ప్రింగులు కుంగుతాయి, మెత్తని నేలలో మొదట దిగబడేదీ ఆ చక్రాలే. పైగా అదే మోటారుకు గేరు నిష్పత్తి మార్చి బలం పెంచిన వించ్‌లు నిదానంగా చుట్టుకుంటాయి.

బలం చాలని చోట నేను నమ్మేది గిలకను. దిగబడిన బండ్లను లాగే రికవరీ వాళ్ళు స్నాచ్ బ్లాక్ అనేది అదే. బావి మీది గిలకకు, దీనికి తేడా తెలుసుకోవాలి. బావి గిలక ఒకచోట బిగించి ఉంటుంది కాబట్టి చేద లాగే దిశను మారుస్తుందే తప్ప బరువును తగ్గించదు. వించ్ తాడును చెట్టుకు కట్టిన గిలక చుట్టూ తిప్పి, కొక్కేన్ని మళ్ళీ బండి రికవరీ హుక్కుకే తగిలిస్తే బండిని రెండు పాయలు లాగుతాయి. రాపిడి కింద పోయేది పోగా బలం దాదాపు రెండింతలవుతుంది, వేగం సగమవుతుంది. ఇందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది: పది మీటర్ల దూరంలోని చెట్టుకు గిలక కట్టినా తాడు ఇరవై మీటర్లు బయటికి వస్తుంది, కాబట్టి డ్రమ్ము మొదటి వరుస మీదే పని మొదలవుతుంది. దగ్గరి చెట్టు చేసే నష్టం చాలావరకు పోతుంది. కాని ఆ చెట్టు మీద, దానికి కట్టిన పట్టీ మీద దాదాపు రెట్టింపు బలం పడుతుందని మరచిపోకూడదు. అందుకే వెడల్పాటి నవారు లాంటి పట్టీనే చెట్టుకు చుట్టాలి, తాడును నేరుగా చుడితే బెరడు కోసుకుపోయి చెట్టు చచ్చిపోతుంది.

కరెంటు విషయం క్లుప్తంగా చెబుతాను. పూర్తి బలంతో లాగేటప్పుడు ఈ స్థాయి వించ్ నాలుగు వందల ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇచ్చేది సుమారు వంద, మిగతాదంతా బ్యాటరీ నుంచే పోతుంది. ఇంజన్ ఆపకుండా ఉంచి, నిమిషం లోపు లాగి, మోటారును తాకి చూసి, చల్లారాక మళ్ళీ లాగడం మంచిది. గిలక వాడితే తాడు మీది భారం సగమవుతుంది కనుక కరెంటు కూడా బాగా తగ్గుతుంది.

మౌంటు గురించి ఒక హెచ్చరిక. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బండి ముందు ఇనుప కడ్డీల క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడాన్ని అడ్డుకోవాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి నేను కంపెనీ బంపర్ వెనుక దాగి ఉండే, ఛాసిస్ రెండు దూలాలకు బోల్టులతో బిగించే మౌంటు ఎంచుకున్నాను. తయారుచేయించే ముందు ఆర్టీవో కార్యాలయంలో విచారించుకోవడం మేలు. బంపర్ తొడుగుకు గాని, పల్చటి రేకుకు గాని వెల్డింగ్ చేసిన మౌంటు ఎంత బలమైన వించ్‌నైనా వృథా చేస్తుంది.

తాడు నేను సింథటిక్‌దే వేయించాను. ఇనుప తాడు తెగితే కొరడాలా తిరిగి వస్తుంది, కాళ్ళు పోయిన సందర్భాలు ఉన్నాయి. సింథటిక్ తాడులో ఆ ప్రమాదం చాలా తక్కువ, అయినా తాడు మధ్యలో తడిపిన గోనెసంచి వేసి, తాడు పొడవంత దూరంలో ఎవ్వరినీ నిలబడనివ్వను. ఎండకు, ఇసుకకు అది త్వరగా పాడవుతుంది కాబట్టి వానాకాలం అయిపోగానే విప్పి బురద కడిగి, నీడలో ఆరబెట్టి, మళ్ళీ బిగువుగా చుడతాను.

అలా విప్పినప్పుడే కొక్కెం వైపు నుంచి కొలిచి, పన్నెండు మీటర్ల దగ్గర పసుపు దారం, పందొమ్మిది మీటర్ల దగ్గర ఎర్ర దారం గట్టిగా కుట్టాను. పసుపు బయటికి వస్తే రెండో వరుస, ఎరుపు బయటికి వస్తే మొదటి వరుస. ఈ మధ్య మళ్ళీ డొంకలో దిగబడినప్పుడు దగ్గరగా ఉన్న చింతచెట్టుకు తాడు కట్టబోయి చూస్తే పసుపు దారం ఇంకా డ్రమ్ము మీదే ఉంది. తాడు విప్పి, గిలక తెచ్చి కట్టి, ఎర్ర దారం కనిపించాకే స్విచ్చి నొక్కాను.