దిబ్బలెక్కకుండా నడిచిన రోజు

జనవరి చివరి ఆదివారం. ఈ నెల దాటితే విశాఖ ఎండలో మధ్యాహ్నం నడవడం కష్టం. అందుకే పొద్దున్నే మేనకోడల్ని లేపి కంబాలకొండకి బయల్దేరాను. దానికి ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇంట్లో అందరికీ టెన్షనే. ఒక్కరోజు పుస్తకాలు మూస్తే ఏమీ కాదని అన్నయ్యకి నచ్చజెప్పి తీసుకెళ్లాను.

కంబాలకొండ జూపార్కుకి ఎదురుగా, హైవేకి అవతల ఉంటుంది. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉన్న అడవి. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అడవి, నగరాన్ని ఆనుకునే ఉంది. ఇప్పటికీ అందులో చిరుతలు తిరుగుతున్నాయంటే నాకు ఎంత గర్వంగా ఉంటుందో చెప్పలేను. లోపలికి కాస్త దూరం నడిస్తే లారీల హారన్లు వినబడవు. బాటకి రెండు పక్కలా ఈత పొదలు, కలివి, ముళ్లతీగలు. ఇక్కడి చెట్లు చాలావరకు ఎండాకాలంలో కూడా పూర్తిగా మోడువారవు. ఆకులు చిన్నవి, దళసరివి, ఉన్న తడిని తొందరగా వదలవు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి ఇక్కడ ఎన్నో చెట్లు కూలిపోయాయి. ఇప్పుడు చూస్తే వాటి చోట మళ్లీ పచ్చదనమే. దుప్పులు కనబడతాయేమో అనుకున్నాం గానీ నెమలి కూత మాత్రం వినబడింది. చెరువు దగ్గర పడవల కోసం జనం బారులు తీరి ఉన్నారు. అక్కడ ఆగలేదు.

ఆటోలో ఎండాడ మీదుగా రుషికొండకి వచ్చి, భీమిలి బస్సెక్కి తొట్లకొండ దగ్గర దిగాం. పైదాకా రోడ్డు ఉంది, బళ్లు వెళ్తాయి. మేం నడిచే ఎక్కాం, మలుపు తిరిగిన ప్రతిసారీ సముద్రం ఇంకాస్త వెడల్పుగా కనబడుతుంది. 1976లో నౌకాదళం సర్వే చేస్తుంటే ఈ బౌద్ధారామం బయటపడింది, ఆ తర్వాత పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. రోమన్ల వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయి. స్తూపం దగ్గర నిలబడి మేనకోడలు అడిగింది.

"అత్తా, చుట్టూ ఉప్పునీళ్లే కదా. కొండమీద ఇంతమంది భిక్షువులు ఏం తాగేవారు?"

దాన్ని రాతిలో తొలిచిన తొట్ల దగ్గరికి తీసుకెళ్లాను. కొండమీద పడ్డ వాన వృథాగా పోకుండా వాటిలో నిలవచేసుకునేవారు. రెండు వేల ఏళ్ల కిందటి మనుషులు వాన ఎటు పారుతుందో చూసి, దానికి తగ్గట్టు రాయి చెక్కారు. అది చాలాసేపు తొట్టి అంచున కూర్చుని లోపలికి చూస్తూనే ఉంది. అలా చూస్తుంటే నాకు ఎంతో సంతోషం కలిగింది.

భోజనం అయ్యాక ఎర్రమట్టి దిబ్బలు. నాకు ఈ తీరంలో అన్నిటికంటే ప్రాణం ఇదే. జీడిమామిడి తోటల పక్కనుంచి, తాటిచెట్ల మధ్యనుంచి దారి కిందికి దిగుతుంది. ఉన్నట్టుండి రెండు పక్కలా ఎర్రటి గోడలు లేస్తాయి. పైన చెట్ల వేళ్లు గాల్లో వేలాడుతుంటాయి. గోడమీద వాన గీసిన చారలు పైనుంచి కిందిదాకా, దువ్వెనతో దువ్వినట్టు.

"ఇంత ఇసుక సముద్రం తెచ్చి పోసిందా?" అంది.

సముద్రం వెనక్కి పోయింది కాబట్టే వచ్చింది. సుమారు 18, 20 వేల ఏళ్ల కిందట, హిమయుగంలో, నీళ్లు మంచుగా గడ్డకట్టి సముద్రమట్టం బాగా పడిపోయింది. బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఆ ఇసుకలోని ఇనుము ఉన్న ఖనిజాలు వేల ఏళ్లలో మార్పు చెంది, ఒక్కో రేణువుకీ తుప్పు రంగు పట్టించాయి. ఆ తర్వాత వాన దిగి ఈ లోయలన్నీ కోసింది. ఇలాంటి ఎర్ర దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరంలోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి. 2025 సెప్టెంబరులో మన దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ వార్త చదివిన రోజు నేను తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పాను.

గోడని వేలితో తాకితే ఇసుక రాలుతుంది. చూడటానికి కొండలా ఉన్నా ఇది రాయి కాదు, కాస్త గట్టిపడ్డ ఇసుక. పైన నలుగురు కుర్రాళ్లు జారుడుబల్ల ఆట ఆడుతున్నారు. ఒక్కసారి జారితే కింద బుట్టెడు ఇసుక పడుతోంది. గోడలమీద చెక్కిన పేర్లూ ఉన్నాయి. నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది. "దిగండి బాబూ, మళ్లీ పోసే గాలి ఇప్పుడు లేదు" అన్నాను. మొదట నవ్వారు. ఎలా ఏర్పడ్డాయో చెప్పాక దిగొచ్చి, ఒకడు ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటూ ఇంకా ఇంకా అడిగాడు. పిల్లలకి చెప్పేవాళ్లు ఉండాలి, వింటారు. లోపలికి వచ్చే దారిలోనే ఈ కథంతా పెద్ద బోర్డు మీద తెలుగులో రాసిపెడితే ఎంత బాగుండును!

మేం మాత్రం గోడలు ఎక్కకుండా, లోయ అడుగునే నడిచాం. ఎండుపుల్లలు ఏరుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపి మాట్లాడింది.

"వానలప్పుడు రావాల తల్లీ. ఈ గెడ్డ నిండా ఎర్రనీళ్లే. సంద్రం కూడా ఎర్రగా అయిపోద్ది."

పైనున్న చెట్లూ, వాన పారే దారులూ ఉన్నంతకాలం దిబ్బలు తమ లెక్క ప్రకారం నెమ్మదిగా మారుతుంటాయి. పైన నేల చదును చేస్తే ఆ లెక్క తప్పుతుంది. అందుకే దిబ్బల్ని కాపాడాలంటే చుట్టూ ఉన్న నేలని కూడా కాపాడాలని నేను అందరితోనూ వాదిస్తుంటాను.

సాయంత్రం రోడ్డు పక్కన తేగల కట్ట కొనుక్కుని బస్సెక్కాం. మంగమారిపేట రాతి తోరణం దగ్గర దిగుదామనుకున్నాం గానీ సముద్రం పోటు మీద ఉంది. అక్కడికి పాటు వేళే వెళ్లాలి. మేనకోడలు తేగ నములుతూ పరీక్షలయ్యాక వానాకాలంలో దిబ్బలకే వెళ్దాం, ఎర్రనీళ్లు చూడాలి అంది. వానల్లో ఆ గోడలు విరిగిపడతాయి, లోయలోకి వద్దు, గెడ్డ సముద్రంలో కలిసేచోట నిలబడి చూద్దాం అన్నాను. ఒప్పుకుంది. జూలై అయితే బాగుంటుందా, అక్టోబరా అని ఇల్లు చేరేదాకా వాదించుకుంటూనే ఉన్నాం.