తాతగారి మూడు గొట్టాల తుపాకీ

మా అమ్మగారి తండ్రి వాడిన వేట తుపాకీని మా ఇంట్లో అందరూ "క్రుప్ తుపాకీ" అనే పిలిచేవారు. తాతగారు పోయిన తరువాత దానిని హైదరాబాదులోనే, లైసెన్సు ఉన్న ఒక ఆయుధాల దుకాణంలో డిపాజిట్ చేశాము. మొన్న దానిని తన పేరు మీదికి మార్పించుకోవడానికి కాగితాలు నింపుతూ మా పెద్ద మామయ్య తయారీ దేశం, బోరు (గొట్టం లోపలి కొలత) అన్న రెండు గడుల దగ్గర ఆగిపోయారు. పాత లైసెన్సు పుస్తకంలో "డి.బి.బి.ఎల్., 12 బోరు" అని ఉంది. డి.బి.బి.ఎల్. అంటే రెండు గొట్టాల తుపాకీ. మా తాతగారి తుపాకీకి గొట్టాలు మూడు.

పైన పక్కపక్కన రెండు నున్నటి గొట్టాలు, వాటి సందున కింద లోపల మెలిక గాడులున్న సన్నని రైఫిల్ గొట్టం. ఈ అమరికను జర్మన్ భాషలో "డ్రిల్లింగ్" అంటారు. ఆ మాట మూడు అనే అర్థమున్న "డ్రై" నుంచి వచ్చింది, రంధ్రం చేయడంతో దానికి సంబంధం లేదు. ఒకే రోజు వేటలో కుందేలూ పక్షీ ఎదురుపడవచ్చు, జింకో అడవి పందో కూడా ఎదురుపడవచ్చు కనుక, గుళ్ళ తూటాకూ ఒంటి గుండు తూటాకూ ఒకే తుపాకీ సరిపోవాలని మధ్య ఐరోపా వేటగాళ్ళు కోరుకున్న ఏర్పాటు ఇది. పిడి మెడ మీది చిన్న మీటను ముందుకు జరిపితే, ముందు ట్రిగ్గరు రైఫిల్ గొట్టానికి మారుతుంది, అదే క్షణంలో గొట్టాల మధ్య పట్టీ మీద పడుకొని ఉన్న గురి ఆకు టక్కున లేచి నిలబడుతుంది. నూరేళ్ళు దాటినా ఆ ఆకు ఇంకా లేస్తోంది. మా మామయ్య చిన్నపిల్లవాడిలా దానిని నాలుగైదుసార్లు లేపి చూశారు.

"క్రుప్" అన్న పేరు ఎలా వచ్చిందో దుకాణంలోని ఉస్తాద్‌గారు గొట్టం మీది అక్షరాలను గుడ్డతో తుడవగానే తెలిసింది. అక్కడ "ఫ్లుస్ స్టాల్ క్రుప్ ఎస్సెన్" అని ఉంది. అది గొట్టానికి వాడిన పోత ఉక్కు పేరు, ఆ ఉక్కును అమ్మిన కంపెనీ పేరు. చీర అంచు మీద నూలు మిల్లు పేరు చూసి నేసినవాడు ఆయనే అనుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పాత జర్మన్ తుపాకుల విషయంలో ఇంతకంటే తరచుగా జరిగే పొరపాటు మరొకటి లేదని నా అభిప్రాయం.

"పైన పేరు చూసుడు కాదు సార్, పొట్ట చూడాలె" అంటూ ఉస్తాద్‌గారు తుపాకీని మధ్యలో వంచి తెరిచి, ముందు చెక్కను ఊడదీసి, గొట్టాలను విడిగా బల్ల మీద వెల్లకిలా పెట్టారు. వెనుక చివర అడుగుభాగంలో, చమురు పట్టి నల్లబడిన చదునైన చోట, బియ్యపు గింజంత కిరీటాలు వరుసగా ఉన్నాయి. ఒక్కో కిరీటం కింద ఒక్కో అక్షరం: యు, బి, ఎస్, డబ్ల్యు, జి. జర్మనీ 1891లో చేసిన పరీక్షా చట్టం 1893 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినప్పుడు పెట్టిన గుర్తులివి. యు అంటే తనిఖీ అయిందని, బి అంటే సిద్ధమైన తుపాకీని పేల్చి పరీక్షించారని, ఎస్ అంటే గుళ్ళ గొట్టమని, డబ్ల్యు అంటే దాని మూతి దగ్గర ఇరుకు చేసి ఉన్నదని, జి అంటే గాడులున్న గొట్టమని అర్థం. ఇంగ్లీషు తుపాకీ అయితే బర్మింగ్‌హామ్ లేదా లండన్ ముద్రలు, బెల్జియం తుపాకీ అయితే అండాకారంలో ఇ.ఎల్.జి. అన్న అక్షరాలు ఉండేవి.

నున్నటి గొట్టాల దగ్గర వలయంలో 16 అని ఉంది, అంటే 12 బోరు అన్న పాత రాత తప్పు. రైఫిల్ గొట్టం మీద మాత్రం 108,49 అన్న వింత సంఖ్య ఉంది. 16 ఏ లెక్క ప్రకారం వచ్చిందో ఇదీ అదే లెక్క: ఒక పౌను సీసంతో అన్ని సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు వ్యాసమెంతో అదే గొట్టం కొలత. ఆ ప్రకారం 108.49కి 0.350 అంగుళం, అంటే 8.89 మిల్లీమీటర్లు వస్తుంది. అది గాడుల మధ్య గట్ల మీద తీసిన కొలత కనుక, గాడుల అడుగు నుంచి కొలిస్తే 9.3కు దగ్గర పడుతుంది. 1912 ప్రాంతం నుంచి ఈ సంఖ్యకు బదులు మిల్లీమీటర్లు వేయడం మొదలైంది కాబట్టి, మా తుపాకీ వయసు 1893కూ ఆ కాలానికీ మధ్య తేలింది. గొట్టాల మధ్య పట్టీ మీద తయారీదారు పేరు అరిగిపోయినా చివరి నాలుగు అక్షరాలు, ఎస్, యు, హెచ్, ఎల్, మిగిలాయి. అది తురింగియాలోని సూల్ పట్టణం, తుపాకుల పనికి పేరు పడ్డ ఊరు.

అయితే గొట్టం వ్యాసం తెలిసినంత మాత్రాన తూటా తెలియదు, ఎందుకంటే అదే వ్యాసానికి వేరువేరు పొడవుల తూటాలు ఉండేవి. ఉస్తాద్‌గారు గొట్టంలో తూటా కూర్చునే గది చివర గుడ్డ కుక్కి, కరిగించిన గంధకం పోసి, గడ్డకట్టగానే పసుపుపచ్చని కడ్డీలా బయటికి తీశారు. పెళుసుగా విరిగిపోయే ఆ కడ్డీ మీద వెర్నియరుతో కొలిస్తే అంచు 12.3, దాని పక్కన 10.9, పొడవు 72 మిల్లీమీటర్లు వచ్చాయి. మెడ నొక్కు లేకుండా కొద్దిగా సన్నబడుతూ పోయే 9.3×72ఆర్ తూటా రూపమది, డ్రిల్లింగులకు ఆనాడు బాగా అలవాటైన తూటా.

16 బోరు గదుల పొడవు 65 మిల్లీమీటర్లే వచ్చింది. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో సులువుగా పడుతుంది, ఎందుకంటే మూతి మడిచి ఉన్నంతవరకు అది పొట్టిగానే ఉంటుంది. పేలినప్పుడు విచ్చుకోవలసిన మూతికి చోటు లేక ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పడుతుంది కదా అని పేల్చేవారు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలి.

పాతది కనుక లైసెన్సు ఎందుకని మా తమ్ముడు అడిగాడు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు, బాగుచేసినా పేల్చడానికి పనికిరాని పాత ఆయుధాలకే. గురి ఆకు లేచే మా తుపాకీ ఆ లెక్కలోకి రాదు. ఎలాగూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా ఇప్పుడు దానితో వేటకు వెళ్ళే మాట లేదు.

మామయ్య ఆ రెండు గడులనూ నింపారు: జర్మనీ, 16 బోరు రెండు, 9.3×72ఆర్ ఒకటి. మూడో గొట్టం గురించి రాయడానికి గడిలో చోటు చాలక, మిగతాది పక్క మార్జిన్‌లో రాశారు.