తౌడు లారీ రాని రోజు

మిర్యాలగూడ మిల్లుకు బియ్యం కొనే సేటు రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా కొంప మునగదు. బస్తాలు గోదాములో ఉంటాయి, అంతే. తౌడు లారీ ఒక్క రోజు రాకపోతే మాత్రం డబ్బు కరగడం మొదలవుతుంది. పచ్చి బియ్యానికి పాలిష్ పట్టగానే తౌడులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టే పనిలో పడుతుంది. గంటలు గడిచేకొద్దీ ఎఫ్‌ఎఫ్‌ఏ (నూనె విడిపోతే వచ్చే ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాల శాతం) పెరుగుతుంది, అది పెరిగినకొద్దీ నూనె ఫ్యాక్టరీ ధర కోస్తుంది, మరీ పెరిగితే దాణాకే పంపుకోవాలి. ఉడకబెట్టిన వడ్ల తౌడు కొంత ఆగుతుంది, వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి.

100 క్వింటాళ్ల వడ్లు ఆడిస్తే నూకతో కలిపి 67 దాకా బియ్యం, 20 పైచిలుకు ఊక, 7-8 క్వింటాళ్ల తౌడు వస్తాయి. సర్కారు వడ్లు ఆడించి ఇచ్చే మిల్లుకు చేతికి తగిలే డబ్బు ఎక్కువగా తౌడు, ఊకల మీద వచ్చేదే. అందుకే ఈ ఊళ్లో పరిచయాలు అంటే కల్యాణమండపంలో పెద్దమనుషుల పక్కన ఫొటో దిగడం కాదు. తౌడు ఎత్తే ఫ్యాక్టరీ మనిషి, వడ్ల పొట్టు తీసే రబ్బరు రోలర్లు అమ్మే దుకాణం, హమాలీల మేస్త్రీ, లారీలు పెట్టే బ్రోకరు: ఈ నలుగురు ఫోనెత్తితే మిల్లు నడుస్తుంది.

ఈ నలుగురితో లొల్లి ఎక్కడ మొదలవుతుందో చూస్తే దాదాపు ప్రతిసారీ ఒకటే కారణం. అడగాల్సింది మొహమాటానికి అడగలేదు, రాయాల్సింది రాసుకోలేదు.

తౌడు సంగతే తీసుకోండి. ఫ్యాక్టరీలో పరీక్ష చేసి ఎఫ్‌ఎఫ్‌ఏ ఎక్కువొచ్చిందని కోత పెడతారు. మిల్లాయన మా దగ్గర బాగానే ఉంది అంటాడు. ఇద్దరూ అబద్ధం ఆడకపోవచ్చు, దారిలో లారీ ఆగిపోయి ఉండొచ్చు. లోడింగ్ అప్పుడే లారీ ముందు, నడుమ, వెనక బస్తాల నుంచి తీసిన తౌడు కలిపి మూడు పొట్లాలు కట్టాలి. మీదొకటి, వాళ్లదొకటి, మూడోది తగాదా వస్తే విప్పడానికి. దాన్ని ఫ్రీజర్లో పెట్టాలి, లేకపోతే అందులోనూ ఎఫ్‌ఎఫ్‌ఏ పెరుగుతూనే ఉంటుంది. పొట్లం మీద తేదీ, టైము, లారీ నంబరు, డ్రైవరు సంతకం. ఎన్ని శాతం దాటితే ఎన్ని రూపాయలు కోత, లారీ గేటు బయట ఆగితే ఆ కోత ఎవరి నెత్తిన అన్నది సీజన్‌కు ముందే ఒక కాగితం మీద పెట్టుకోవాలి. వానకాలం వడ్లు మార్కెట్‌కు దిగినంక ఈ మాట ఎత్తితే ఎవరూ వినరు, అప్పటికి అందరికీ తొందరే.

ఇక ఉద్దెర. నెలకోసారి ఖాతా సరిచూసుకుని, ఇంత బాకీ ఉందని రెండు వైపులా సంతకం పెట్టుకోవడం చాలామందికి అవమానంలా అనిపిస్తుంది. నమ్మకం లేదా అంటారు. నిజానికి బాకీ దావాకు గడువు మూడేళ్లే. ఆ గడువు లోపల బాకీదారు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. గడువు దాటాక చేయించిన సంతకానికి ఆ బలం లేదు. అన్నదమ్ములైనా లెక్క లెక్కే అంటూనే, దోస్తుల దగ్గర ఆ లెక్క చూడరు.

మిల్లుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉండి, సూక్ష్మ, చిన్న పరిశ్రమ కిందికి వస్తే (2025 ఏప్రిల్ నుంచి చిన్న పరిశ్రమ హద్దు టర్నోవర్ 100 కోట్లు, యంత్రాల పెట్టుబడి 25 కోట్లు), కొన్నవాళ్లు రాతలో ఒప్పుకున్న గడువులోగా డబ్బు కట్టాలి. ఆ గడువు 45 రోజులు మించకూడదు. రాతే లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. పైగా ఆదాయపు పన్నులో ఆ ఖర్చు డబ్బు కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి, అందుకే మార్చి నెలలో ఫ్యాక్టరీ అకౌంటెంట్లే ఫోన్ చేసి కడుతుంటారు. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి. రోలర్ల దుకాణానికి మాత్రం ఈ రక్షణ దొరకదు, కొని అమ్మే వ్యాపారం కాబట్టి. అలాంటివాళ్లకు మీరే ముందుగా కట్టడం మర్యాద. రాత్రి పదింటికి రోలరు అరిగిపోయి నూక పెరుగుతుంటే షట్టర్ తీసేది ఆయనే.

పొత్తులో మిల్లు పెట్టేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. డీడ్‌లో, అంటే పొత్తు ఒప్పంద పత్రంలో, ఏమీ రాయకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం తన లెక్క తాను వేస్తుంది. ఆ లెక్కలో 40 లక్షలు పెట్టినాయనకూ 10 లక్షలు పెట్టినాయనకూ లాభం సమానం. రోజంతా మిల్లులో నిలబడ్డాయనకు జీతం ఉండదు. ఒకరు చనిపోతే ఫర్మే రద్దు. వాటా, జీతం, పెట్టుబడి మీద వడ్డీ (పన్ను లెక్కకు 12 శాతం దాకే ఒప్పుకుంటారు), చనిపోతే ఫర్మ్ నడవాలా వద్దా, బయటికి పోయేవాళ్లకు మిల్లు విలువ ఎవరు కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి అన్నవి డీడ్‌లో ఉండాలి. విలువ కట్టే పద్ధతి రాయకుండా వదిలేసిన డీడ్లే ఎక్కువ, కోర్టుకెక్కేదీ అక్కడే.

ఫర్మ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కదా అని వదిలేస్తారు. రిజిస్టర్ కాని ఫర్మ్ తన ఒప్పందం మీద రావాల్సిన బాకీకి దావా వేయలేదు, దాని మీద మాత్రం ఎవరైనా వేయొచ్చు. కొత్త భాగస్వామిని చేర్చుకున్నప్పుడు ఆయన పేరు కూడా రిజిస్టర్‌లో ఎక్కాలి.

విడిపోయేటప్పుడు ఇంటి దగ్గర పెద్దల ముందు లెక్క తేల్చుకుని, చాయ్ తాగి వెళ్లిపోతారు. గెజిట్‌లో, ఒక తెలుగు పేపర్లో ప్రకటన, ఫర్మ్‌ల రిజిస్ట్రార్‌కు నోటీసు ఇచ్చేదాకా తర్వాత ఫర్మ్ చేసిన అప్పులు కూడా బయటికి వచ్చినాయన మెడకు చుట్టుకోవచ్చు. బ్యాంకుకు ఇచ్చిన గ్యారంటీ సంగతి వేరు. క్యాష్ క్రెడిట్ ఖాతాకు (మిల్లు నడపడానికి బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా) ఇచ్చిన గ్యారంటీ నుంచి విడుదల చేశామని బ్యాంకు కాగితం ఇచ్చేదాకా, వాటా అమ్ముకున్నా పాత బాకీ భారం ఆయన మీదే ఉంటుంది, ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే అదీ ఆ తాకట్టులోనే ఉంటుంది.