దమ్ము గుర్రం కనబడే ఊరు: హకుబాలో ఒక వేసవి

మే నెలాఖరులో ఒక శనివారం ఉదయం, నేను బస చేసిన ఇంటి పెద్దావిడ నన్ను వాకిట్లోకి పిలిచి, పడమటి దిక్కున నిలిచిన షిరౌమా పర్వతం వైపు వేలు చూపించి, “గుర్రం కనబడుతోందా?” అని అడిగారు. ఎండకు మెరుస్తున్న మంచు తప్ప నాకు మొదట ఏమీ కనబడలేదు. మంచు కరిగి నల్లరాయి బయటపడిన చోట మెడ ఎక్కడ మొదలవుతుందో, కాళ్ళు ఎటు దిగుతాయో ఆవిడ ఓపికగా చెప్పాక, తెల్లని కొండ మీద నల్లని గుర్రం ఒక్కసారిగా రూపు కట్టింది. ఆ తరువాత ఆ వైపు ఎప్పుడు చూసినా నాకు ముందు గుర్రమే కనబడేది.

ఆ గుర్రం దమ్ము గుర్రం. వరి నాటే ముందు మడికి నీళ్ళు పెట్టి దమ్ము చేయడాన్ని జపనీయులు షిరోకాకి అంటారు; ఆ పని చేసే గుర్రం పేరు షిరో ఉమా. కొండ మీద ఆ ఆకారం తేలితే మళ్ళలో దిగవలసిన అదను వచ్చిందని కింది లోయలోని రైతులు గుర్తుపట్టేవారు. మన రైతులు కార్తెలు లెక్కపెట్టుకొని ఏరువాక సాగించినట్లే, వారు కొండను చదువుకొని పొలంలోకి దిగేవారు. కాలక్రమంలో దమ్మును సూచించే అక్షరం ఉండవలసిన చోట, అదే పలుకుగల ‘తెలుపు’ అనే అక్షరం చేరి, దమ్ము గుర్రం కాస్తా తెల్ల గుర్రంగా మారింది. కొండకు షిరౌమా అనే పాత పలుకు మిగిలింది గాని, 1956లో రెండు గ్రామాలు కలిసి ఏర్పడిన కొత్త గ్రామం అవే అక్షరాలను మరో రీతిలో చదువుకొని హకుబా అయింది.

హకుబా అనగానే చాలామందికి 1998 నాగనో శీతాకాల ఒలింపిక్స్ గుర్తుకు వస్తాయి. జపాన్‌లోని ఉత్తర ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, తొమ్మిది వేలకు కాస్త అటూ ఇటూగా జనం ఉండే ఈ గ్రామానికి మంచు పడే నెలల్లో ఎన్నో దేశాల నుంచి స్కీయర్లు వస్తారు. నాగనో నగరంలో ఉద్యోగం చేస్తున్న నేను, అక్కడి నుంచి గంట పైచిలుకు బస్సు ప్రయాణం చేసి, ఆ ఏడాది మే చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు వీలు కుదిరిన ప్రతి వారాంతమూ హకుబాలో గడిపాను. దానిని శీతాకాలపు ఊరిగా మాత్రమే తలచుకోవడం ఆ ఊరికి అన్యాయం చేయడమేనని ఆ వారాంతాలు నాకు నేర్పాయి.

నిజానికి ఇక్కడికి స్కీయర్ల కంటే ముందు వచ్చినవారు వేసవిలో కొండలెక్కేవారే. జపాన్ పర్వతాలను పాశ్చాత్య పాఠకులకు పరిచయం చేసిన ఆంగ్ల మతబోధకుడు వాల్టర్ వెస్టన్ 1894లోనే షిరౌమా శిఖరాన్ని చేరాడు. 20వ శతాబ్దపు తొలి దశకంలో మత్సుజావా తెయిత్సు అనే స్థానికుడు శిఖరం దాపున ఆరోహకుల కోసం విడిది నెలకొల్పాడు. దాని వారసత్వమే నేటి హకుబా సాన్సో. మే నెలాఖరున కొండదారుల ప్రారంభానికి జరిపే ఉత్సవాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కొండెక్కేవారికి దారి చూపిన రైతులే వారికి తమ ఇళ్ళలో ఒక గది, తాము తినే తిండిలోంచి ఒక పూట భోజనం పెట్టేవారు. అలా మొదలైనవే మిన్షుకులు. నేను బస చేసిన ఇల్లు కూడా అటువంటిదే. భోజనాల గది గోడకు పాత మంచుగొడ్డళ్ళు, వాటి పక్కనే కొడవలి వేలాడుతూ ఉండేవి.

జూలై మొదటి వారంలో నేను హప్పో కొండకు వెళ్ళాను. ‘ఆదాము’ అనే పేరుగల గొండోలా (తీగకు వేలాడుతూ కొండెక్కే గది) ఎక్కి, ఆపైన రెండు చెయిర్‌లిఫ్టులు మారితే, 1,830 మీటర్ల ఎత్తుకు చేరుకుంటాము. (ఉత్తరాన ఉన్న త్సుగాయికే కొండ గొండోలా పేరు ‘ఈవ్’.) అక్కడి నుంచి గంటన్నర నడక తరువాత 2,060 మీటర్ల ఎత్తున హప్పో చెరువు ఉంది. గాలి లేని ఉదయాన షిరౌమా, షకుషి, యరి అనే మూడు శిఖరాలూ తలకిందులుగా ఆ నీటిలో నిలుస్తాయి. అందుకే అందరూ మొదటి గొండోలా కోసం వరుసలో నిలబడతారు. పది గంటలు దాటితే లోయలోని తేమ మబ్బై పైకి లేచి శిఖరాలను కప్పివేస్తుంది. నేను వెళ్ళిన మొదటి రోజు నీరు మాత్రమే కనబడింది. రెండోసారి, తెల్లవారుజామున బయలుదేరినప్పుడు, మూడు శిఖరాలూ కనబడ్డాయి. అప్పటికీ చెరువు ఒడ్డున నడుమెత్తు మంచు మిగిలే ఉంది.

ఆ దారిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది కాలి కింద రాయి. సాధారణంగా కొండ ఎక్కేకొద్దీ చెట్లు పొట్టివై, చివరకు అదృశ్యమై, ఆపైన మంచుకొండల పూలమొక్కలు మొదలవుతాయి. హప్పో గట్టు మీద ఈ వరుస తారుమారైంది. కింది భాగంలో చెట్లు లేక పూలు పరచుకొని ఉంటాయి. చెరువు దాటి ఇంకా పైకి వెళితే భూర్జవృక్షాల తోపు ఎదురవుతుంది. కింది భాగమంతా సర్పెంటైన్ అనే ఆకుపచ్చ నల్లరాయి కావడమే దీనికి కారణం. అందులో మెగ్నీషియం మోతాదు మించి, మొక్కకు కావలసిన పోషకాలు తక్కువై, పెద్ద చెట్లు వేళ్ళూనలేవు. దానిని తట్టుకోగల చిన్న మొక్కలు మాత్రం పోటీ లేకుండా బతుకుతాయి. హప్పో పేరునే ధరించిన, తెల్లని నూగుగల హప్పో ఉసుయుకిసో అనే పువ్వును నేను అక్కడే చూశాను. ఒలింపిక్స్ పురుషుల డౌన్‌హిల్ పోటీకి ముందు ఈ వాలు మీద పెద్ద వివాదమే నడిచింది. పరుగు 1,800 మీటర్ల ఎత్తు నుంచి మొదలు కావాలని అంతర్జాతీయ స్కీ సమాఖ్య కోరగా, జాతీయ ఉద్యానవనపు రక్షిత ప్రాంతంలోకి వెళ్ళకుండా 1,680 మీటర్ల దగ్గరే ఉండాలని నిర్వాహకులు పట్టుబట్టారు. చివరకు 1,765 మీటర్ల దగ్గర రాజీ కుదిరింది. జూలైలో ఆ పూల మధ్య నిలబడినప్పుడు, ఆ కొద్ది మీటర్ల కోసం అంతగా వాదించినవారి పట్ల నాకు గౌరవం కలిగింది.

ఆ రాయి కథ అక్కడితో ముగియదు. భూగర్భంలో ఈ జాతి శిలలు నీటితో కలిసినప్పుడు జరిగే రసాయనిక చర్య వల్ల హప్పో వేడినీటి బుగ్గలు పీహెచ్ 11 దాటిన క్షారగుణంతో పైకి వస్తాయి. కొండ దిగి ఆ నీటిలో కూర్చుంటే చర్మం సబ్బు పూసినట్లు నున్నగా జారుతుంది. సాయంత్రం స్నానశాలలో కొండ దిగినవారూ పొలం నుంచి వచ్చినవారూ పక్కపక్కనే కూర్చుంటారు. రేపటి వాతావరణం గురించి అక్కడ దొరికిన సమాచారం నాకు ఎన్నోసార్లు ఉపయోగపడింది.

దైసెక్కెయి, అంటే మహా మంచులోయ, వేరే తరహా అనుభవం. సరుకురా అనే చోటు నుంచి గంటసేపు అడవిదారిలో నడిస్తే మంచు మొదలవుతుంది. సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవున్న ఈ లోయ జపాన్‌లోని మూడు మహా మంచులోయల్లో ఒకటి. నడిచే దారిని మంచు మీద ఎర్రమట్టి రంగుతో గుర్తిస్తారు. బూట్లకు ఇనుపముళ్ళ పట్టీలు బిగించుకొని ఆ ఎర్రగీత వెంట పైకి సాగాలి. ఇక్కడ అసలు ప్రమాదం జారిపడటం కన్నా రాళ్ళ వల్లనే. గట్టునేల మీద దొర్లే రాయి చప్పుడు చేస్తుంది గాని, మంచు మీద దొర్లే రాయి నిశ్శబ్దంగా వస్తుంది. అందువల్ల తల పైకెత్తే నడవాలని, లోయ మధ్యలో కూర్చొని సేద తీరవద్దని బయలుదేరేటప్పుడే హెచ్చరిస్తారు. నాగనో రాష్ట్రం చేసిన నిబంధన ప్రకారం 2016 జూలై నుంచి నిర్దేశిత కొండదారుల్లోకి వెళ్ళేవారు తమ ప్రయాణ ప్రణాళికను ముందుగా లిఖితపూర్వకంగా సమర్పించాలి. మేము నలుగురం ఆ కాగితం ఇచ్చి, సగం లోయ ఎక్కాక దట్టమైన పొగమంచు దిగడంతో వెనక్కి వచ్చేశాము. ముందున్నవారి వీపు కనబడనప్పుడు పైనుంచి వచ్చే రాయి ఎలా కనబడుతుంది? శిఖరం చేరలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, తిరిగి రావడం సరైన నిర్ణయమన్న నమ్మకమూ ఉంది. మంచు తక్కువ పడిన సంవత్సరాల్లో, పగుళ్ళు విచ్చుకోవడం వల్ల వేసవి ముగియకముందే ఈ దారిని మూసివేయవలసి వస్తున్నది. హకుబా పరిధిలోనే ఉన్న కరమత్సుజావా లోయలోని మంచు నిజమైన హిమనదమని పరిశోధకులు 2019లో నిర్ధారించారు. అటువంటి సంపద కరిగిపోతున్న తీరు గురించి ఊరివారు మాట్లాడేటప్పుడు వారి గొంతులో ఆందోళన తెలుస్తుంది.

కొండెక్కే ఓపిక లేనివారికీ ఇక్కడ వేసవి గడపడం కష్టం కాదు. త్సుగాయికే చిత్తడి నేలలో చెక్కబాట మీద నడవవచ్చు. గోర్యూ కొండ మీది ఉద్యానవనంలో హిమాలయాల నీలి గసగసాల పూలు పూస్తాయి. దక్షిణాన పొరుగు పట్టణమైన ఓమాచి పరిధిలో ఉన్న అవోకి సరస్సులో, జూలై రాత్రుల్లో పడవ నడుపుకుంటూ ఒడ్డున మిణుగురులను చూడవచ్చు. ఇవాతాకే కొండ మీద పర్వత సైకిళ్ళ దారులూ, లోయ అంచున ఊయలా ఉన్నాయి. అక్కడ జనం ఎక్కువ, నాకు ఒక్కసారితో సరిపోయింది. స్కీ జంప్ మైదానానికి మాత్రం తప్పక వెళ్ళమంటాను. 1998లో జపాన్ జట్టు స్వర్ణం గెలిచిన ఆ వాలు మీద వేసవిలో ప్లాస్టిక్ పరచి, నీళ్ళు చల్లి, పచ్చగడ్డి కొండ మధ్య దూకే సాధన చేస్తారు. ఒక శనివారం నేను వెళ్ళేసరికి బడి పిల్లలు చిన్న వాలు మీద దూకుతుండగా, వారి తాతలు కింద గొడుగులు వేసుకొని కూర్చొని ఉన్నారు. ఒక పాప తడబడి లేచినప్పుడు, ఎవరి మనవరాలన్న తేడా లేకుండా అందరూ చప్పట్లు కొట్టారు.

ఊరి ఉమ్మడి జీవితం పొద్దున్నే మొదలవుతుంది. వేసవి సెలవుల్లో ఆరున్నరకు రేడియోలో వ్యాయామ సంగీతం వినబడగానే పిల్లలు మెడలో అట్టముక్కలు వేలాడేసుకొని వస్తారు. వ్యాయామం ముగియగానే పెద్దలు ఆ అట్టల మీద ముద్ర వేస్తారు. 1928లో మొదలైన ఈ రేడియో వ్యాయామం నేటికీ సాగుతోంది. ఒక ఆదివారం గట్ల మీద గడ్డి కోయడానికి ఇంటికొకరు రావాలని కబురు వచ్చింది. పెద్దావిడకు మోకాలి నొప్పి కావడంతో ఆ ఇంటి తరఫున నేను వెళ్ళాను. గడ్డి కోసే యంత్రం నా చేతికి ఇవ్వలేదు గాని, కోసిన గడ్డి పోగులు వేయమన్నారు. కాలువలో పారే నీరు కొండ మీది మంచు కరిగినది కావడం వల్ల, ఆగస్టు ఎండలో కూడా అందులో చేతులు నిమిషం మించి ఉంచలేకపోయాను. పని ముగిశాక చల్లని బార్లీ టీ ఇచ్చి, నేను ఏ ఇంటి మనిషినో అందరికీ పరిచయం చేశారు.

ఈ పరిచయాల విలువ ఆ రోజే నాకు తెలిసింది. 2014 నవంబరు 22 రాత్రి పది దాటాక 6.7 తీవ్రతతో భూకంపం వచ్చి, గ్రామంలోని హోరినోఉచి ప్రాంతంలో ఇళ్ళు కూలిపోయాయి. చాలామంది శిథిలాల కింద చిక్కుకున్నా, ఊళ్ళో ఒక్కరు కూడా చనిపోలేదు. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరు ఏ గదిలో పడుకుంటారో పొరుగువారికి తెలిసి ఉండటం వల్ల, వారు చీకట్లోనే ఆ చోటికి నేరుగా వెళ్ళి, దూలాలను జాకీలతో ఎత్తి మనుషులను బయటికి తీశారు. గడ్డి పోగు పక్కన కూర్చొని ఈ సంగతి నాకు చెప్పినవారు దానిని గొప్ప కోసం చెప్పలేదు. నన్ను అందరికీ ఎందుకు పరిచయం చేశారో వివరించడానికే చెప్పారు.

ఆగస్టు 13న ఒబోన్ మొదలైంది. పితృదేవతలు ఇంటికి వచ్చే ఆ నాలుగు రోజుల కోసం పెద్దావిడ దోసకాయకు నాలుగు పుల్లలు గుచ్చి గుర్రాన్ని, వంకాయకు గుచ్చి ఆవును చేశారు. పెద్దలు గుర్రమెక్కి త్వరగా రావాలి, ఆవు మీద నెమ్మదిగా తిరిగి వెళ్ళాలి అన్నారు. చీకటి పడగానే వాకిట్లో భూర్జపత్రం ముట్టించారు. నూనె గుణమున్న ఆ బెరడు సన్నని నల్లపొగతో మండుతుంటే ఇంటిల్లిపాదీ చేతులు జోడించాము. రాత్రి బడి మైదానంలో చెక్క మంచె చుట్టూ బోన్ నృత్యం జరిగింది. మంచె మీద డప్పు మోగుతుండగా, నగరాల నుంచి సెలవుకు వచ్చిన పిల్లలు, విడిది దిగిన విదేశీయులు, గడ్డి కోతలో కలిసినవారు అందరూ ఒకే వలయంలో తిరిగారు. అడుగులు రానివారు రెండో వలయంలో నిలబడి ముందువారి చేతులు చూసి నేర్చుకుంటారు. మూడో పాటకు నన్ను లోపలి వలయంలోకి లాగారు.

పదహారవ తేదీ సాయంత్రం సాగనంపే మంట వేసినప్పుడు, పెద్దావిడ వంకాయ ఆవును గుమ్మం వైపు తిప్పి పెట్టారు. కొండ మీద నల్ల గుర్రం అప్పటికి ఎప్పుడో చెదిరిపోయింది. దాని కింద, మే నెలలో దమ్ము చేసిన మళ్ళలో వరి వెన్ను తీసి, ఇంకా పాలు పోసుకుంటూ ఉంది.