ఆరడుగుల బోర్డు, మూడు భాషలు

ఇవాళంతా ఒక్క బోర్డుతోనే సరిపోయింది. ఒడిశాలో, ఆంధ్రా బోర్డరు పక్కనే ఉన్న మా పర్లాకిమిడి బజార్లో రెండు పెద్ద షాపుల మధ్య ఇరుక్కున్న కొట్టు, వెడల్పు ఆరడుగులు, పేరేమో ఎలక్ట్రికల్స్, హార్డ్‌వేర్, శానిటరీ అన్నీ కలుపుకుని ఇంత పొడుగు. ఒడియా ఎలాగూ ఉండాల్సిందే, తెలుగు లేకపోతే మనోళ్లు ఊరుకోరు, ఇంగ్లిష్ లేకపోతే ఓనరు ఊరుకోడు. "ఇంగ్లీషు మాత్రం రోడ్డవతలికి కనబడాల బాబూ" అని చెప్పీసి టీకి వెళ్లిపోయాడు మావయ్య (మా మావయ్యేం కాదు, ఈ ఊళ్ళో సగం మంది నాకు మావయ్యలే).

నా దగ్గర పనిచేసే కుర్రాడు ఎప్పట్లాగే కోరెల్‌లో (బోర్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) మామూలు ఫాంట్ తీసి పక్కల్నుంచి నొక్కేశాడు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడిపోయి అడ్డగీతలు లావుగానే మిగిలిపోతాయి, చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. కండెన్స్‌డ్ ఫాంట్ అంటే అది కాదురా, గీసేటప్పుడే సన్నగా గీస్తారు, గీతల లావు లెక్క చూసుకునే గీస్తారు అని చెప్పి, మూలలు గుండ్రంగా ఉండే జామెట్రిక్ రకం ఒకటి తీశాను. అందులో ఇంగ్లిష్ 'O' అక్షరం నిలబెట్టిన క్యాప్సూల్‌లా ఉంటుంది, పక్కలు తిన్నగా, పైనా కిందా అర్ధచంద్రాలు. మూలలు గుండ్రమైతే ఇంకో లాభం, అద్దం తలుపు మీద స్టిక్కర్ కోసి అంటించినప్పుడు మొనలు ఎండకి అంత తొందరగా లేవవు.

జర్మనీవాళ్ల రోడ్డు బోర్డుల అక్షరాలు, డిన్ 1451, అందులోనూ ఇరుకు రకం ఉంది, ఎవరైనా కొలతలు చూసి గీసేలా చేశారు. అది స్టాండర్డ్ అయింది 1936లో. అదే ఏడు పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, గిడుగు రామమూర్తి గారు ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆయన పేరుతో గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంటే ఉంది. ఇవాళ మాత్రం దాని జోలికి పోలేదు, ఒడియాకి బాలూ భాయినా, తెలుగుకి బాలూ తమ్ముడు పెట్టేశా, రెండూ ఒకే ఇంటివి, గుండ్రంగా బొద్దుగా ఉంటాయి. వాటిలో ఇంగ్లిషూ ఉంది గానీ లావెక్కువ, ఆరడుగుల్లో పట్టదు.

అసలు గొడవ తెలుగుతోనే. "ఎలక్ట్రికల్స్" అని టైప్ చేస్తే క కింద ట వత్తు, దాంతో ర వత్తు, కింద బోల్డు చోటు తినేస్తాయి. తెలుగుని నొక్కుదామంటే ప, ష దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి నొక్కేది లేదు. ఇంగ్లిష్ క్యాపిటల్స్‌కి కింద వేలాడేదేమీ ఉండదు కదా, అందుకని దాన్ని అడుక్కి దించి బోర్డు అంచుకి దగ్గరగా కూర్చోబెట్టాను, పైన వత్తులకి ఊపిరాడింది. మనకి కూడా ఇంగ్లిష్‌కి ఉన్నట్టు సన్నవీ, ఇంకా సన్నవీ అని వరసగా ఉంటే ఈ తిప్పలుండవు, నన్నడిగితే.

మావయ్య తిరిగొచ్చి చూసి బాగుందన్నాడు. తర్వాత కుడి పక్క జానెడు ఖాళీ కనబడింది ఆయనకి. "ఇక్కడ మన మజ్జిగౌరమ్మ తల్లి, అమ్మవారి ఫొటో పెట్టీ బాబూ." పెట్టాను, ఇంగ్లిష్‌ని ఇంకాస్త తగ్గించాల్సొచ్చింది, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.