ముల్లు మీద రెండు గ్రాములు

మా బాబాయి చిన్న ఇంటికి మారుతూ తన ఎల్పీలన్నీ నాకు ఇచ్చేశాడు. రెండు అట్టపెట్టెల నిండా, దాదాపు 80 రికార్డులు. కవర్ల మూలలు అరిగిపోయాయి కానీ లోపలి రికార్డులు మాత్రం ఇప్పుడే తడిగుడ్డతో తుడిచినట్టు నల్లగా మెరుస్తున్నాయి. ఇచ్చేటప్పుడు ఒకే మాట అన్నాడు. "ఒరేయ్, ఏదో ఒకటి కొనేసి వీటిని అరగదీయకు. తొందరేం లేదు, చూసి కొనుక్కో."

నాకేమో ఆ రాత్రికే వినాలని ఉంది. ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టగానే సూట్‌కేసు ఆకారంలో ఉండే ప్లేయర్ ఒకటి కంటపడింది. మూత తెరిచి రికార్డు పెట్టడమే, స్పీకర్లు కూడా అందులోనే ఉంటాయి. మా ఆవిడకీ నచ్చింది. "ముద్దుగా ఉందండీ, ఎక్కడైనా పెట్టుకోవచ్చు" అంది. కొనే ముందు బాబాయికి దాని ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"ముల్లు ఎన్ని గ్రాముల బరువుతో రికార్డు మీద కూర్చుంటుందో రాశారా?"

ఎంత వెతికినా ఎక్కడా లేదు. అసలు అలాంటి లెక్క ఒకటి ఉంటుందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఎందుకు అడిగాడో అర్థం చేసుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలే నాకు సరైన సెట్ ఏదో చూపించాయి.

ఎల్పీ మీది గాడి ఇంచుమించు మన తల వెంట్రుక మందం ఉంటుంది. అందులో రెండు గోడలు. స్టీరియో రికార్డులో ఎడమ స్పీకర్ శబ్దం ఒక గోడలో, కుడి స్పీకర్ శబ్దం రెండో గోడలో చెక్కి ఉంటాయి. ముల్లు ఆ రెంటినీ ఒరుసుకుంటూ పోతుంది. ముల్లును పట్టుకుని దాని కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే చిన్న ముక్కను కార్ట్రిడ్జ్ అంటారు. మంచి మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ అయితే ముల్లు మీద పడే బరువు సుమారు 2 గ్రాములు. చవక సూట్‌కేసు ప్లేయర్లలో ఎక్కువగా వాడే సిరామిక్ కార్ట్రిడ్జ్‌కి 5, 6 గ్రాములు కూడా ఉంటుంది. ఆ బరువును సరిచేసుకునే ఏర్పాటు కూడా చాలావాటిలో ఉండదు. పైగా స్పీకర్లు అదే పెట్టెలో ఉండటంతో అవి అదిరినప్పుడల్లా ముల్లూ అదురుతుంది. ఒకటి రెండు సార్లు వింటే రికార్డు పాడైపోతుందని కాదు. కానీ బాబాయి ఏళ్ల తరబడి జాగ్రత్తగా దాచుకున్నవాటిని అలాంటిదాని కింద పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

మరి ఏం కొనాలి? మా ఆవిడ షరతు ఒక్కటే, గది నిండా డబ్బాలు, తీగలు ఉండకూడదు. నా షరతు ముల్లు బరువు సరిచేసుకునే వీలుండాలి. ఈ రెండూ కుదిరేది దొరకడం కష్టమనుకున్నాను. రికార్డు నుంచి చెవి దాకా శబ్దం ఎలా వస్తుందో తెలిశాక అంత కష్టమేమీ కాదనిపించింది.

కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా తక్కువ, కొద్ది మిల్లీవోల్టులే. అదొక్కటే కాదు. రికార్డు చెక్కేటప్పుడు కింది స్వరాలను కావాలనే తగ్గించి, పై స్వరాలను పెంచి చెక్కుతారు. కింది స్వరాలను ఉన్నవి ఉన్నట్టు చెక్కితే గాడి అటూ ఇటూ బాగా వంకర్లు తిరిగి చోటంతా తినేస్తుంది, ఒక్కో వైపు ఇరవై నిమిషాల పాటలు పట్టవు. పై స్వరాలను పెంచడం వల్ల వినేటప్పుడు వాటిని తగ్గించినప్పుడు, ముల్లు చేసే సరసర శబ్దమూ తగ్గుతుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న లెక్కకు 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒక ప్రమాణం పెట్టింది. ఆర్‌ఐఏఏ అంటారు. వినేటప్పుడు ఆ లెక్కను తిరగేసి శబ్దాన్ని మళ్లీ మామూలుగా చేసేదే ఫోనో ప్రీయాంప్. అది లేకుండా కలిపితే పాట ఎక్కడో దూరంగా, పీలగా వినిపిస్తుంది. టర్న్‌టేబుల్, అంటే రికార్డును తిప్పే యంత్రం, పాడైందనుకుని వెనక్కి పంపేవాళ్లలో కొందరికి వచ్చిన ఇబ్బంది ఇదేనని నా అనుమానం.

ఈ ప్రీయాంప్ లోపలే ఉన్న టర్న్‌టేబుళ్లు దొరుకుతాయి. ఆంప్లిఫైయర్ లోపలే ఉన్న స్పీకర్లూ దొరుకుతాయి, వాటిని పవర్డ్ స్పీకర్లంటారు. రెండూ కలిపితే ఒక టర్న్‌టేబుల్, రెండు స్పీకర్లు, మధ్యలో ఒక జత తీగలు. అంతే. నేను పట్టుబట్టి చూసుకున్నది ఒకటుంది. ప్రీయాంప్‌ను ఆపేసే స్విచ్ వెనకాల ఉండాలి. రేపు అంతకన్నా మంచిది విడిగా కొనుక్కుంటే టర్న్‌టేబుల్ మార్చే పని ఉండదు.

మోటారు రికార్డు పళ్లేన్ని బెల్టుతో తిప్పే బెల్ట్ డ్రైవా, నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవా అన్నదాని మీద జనం చాలా వాదించుకుంటారు. టెక్నిక్స్ కంపెనీ 1972లో తెచ్చిన ఎస్ఎల్-1200 డైరెక్ట్ డ్రైవే, డీజేలకు అదంటే ప్రాణం. ఇంట్లో కూర్చుని వినేవాళ్లకు రెండూ చాలని నాకు అర్థమైంది. పలచగా, తేలిగ్గా కనిపిస్తుందని బెల్ట్‌ది తీసుకున్నాను. రికార్డు అయిపోగానే ముల్లు దానంతటదే లేచే ఆటోమేటిక్ వద్దనుకున్నాను. "వింటూ నిద్రపోతే ఎలాగండీ?" అని మా ఆవిడ అడిగింది. మాన్యువల్‌లో ముల్లు చివరి గాడిలోనే తిరుగుతూ ఉంటుంది, మనమే లేచి ఎత్తాలి. నాకు ఆ లేవడం ఇష్టమే.

ఇక అందం సంగతి. బ్రౌన్ కంపెనీకి హాన్స్ గుగెలాట్, డీటర్ రామ్స్ కలిసి 1956లో రూపకల్పన చేసిన ఎస్‌కే4 రికార్డ్ ప్లేయర్ ఫొటో చూశాను. తెల్లని పెట్టె, పక్కలకు చెక్క, పైన గాజులా కనిపించే ప్లాస్టిక్ మూత. చెక్క మూత ఉన్న బరువైన ఫర్నిచర్‌లా కాకుండా, లోపల తిరిగే రికార్డు బయటికి కనిపించేలా చేశారు. ఇన్నేళ్లయినా మన టర్న్‌టేబుళ్ల మీద ఉండేది అలాంటి మూతే. ఆ ఫొటో చూశాక నా ఎంపిక తేలికైంది. బొమ్మలు, లైట్లు, మెరిసే బటన్లు ఉన్నవన్నీ పక్కనపెట్టి వాల్‌నట్ చెక్క రంగులో, ముందు వైపు ఒక్క నాబ్ మాత్రమే ఉన్నది తీసుకున్నాను. దానికి ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్ ఉంది. కంపెనీ చెప్పే బరువు 1.8 నుంచి 2.2 గ్రాములు. ఈసారి అంకె చూసుకునే కొన్నాను. స్పీకర్లు నలుపువి, అలమారాలో పట్టేంత చిన్నవి.

బిగించిన రోజు బాగా గుర్తుంది. ముందు అలమారా మీద రసమట్టం పెట్టి చూశాను. ఎడమవైపు కాస్త దిగి ఉంది, కాళ్ల కింద మడిచిన అట్ట పెట్టి సరిచేశాను. తర్వాత టోన్‌ఆర్మ్, అంటే ముల్లును మోసే పొడవాటి చెయ్యి. ముల్లు రికార్డు మధ్యలోకి లాగబడకుండా ఆపే యాంటీ స్కేట్‌ను సున్నా దగ్గర పెట్టి, ముల్లు మీది తొడుగు తీసి, వెనకాల ఉన్న బరువును కొంచెం కొంచెంగా తిప్పుతూ వచ్చాను. మొదట ముందువైపు వాలింది. ఇంకాస్త తిప్పితే తల పైకెత్తింది. వెంట్రుకవాసి వెనక్కి తిప్పాను. అప్పుడు ఆగింది. ఎవరూ పట్టుకోకుండానే గాల్లో అడ్డంగా, మెల్లగా ఊగుతూ. ఊపిరి బిగబట్టి చూశాను. అప్పుడు అంకెల రింగును మాత్రమే సున్నాకు తెచ్చి, బరువు మొత్తాన్ని 2 దాకా తిప్పాను. యాంటీ స్కేట్ కూడా 2కే. చిన్న ముల్లు తూకం కొనుక్కుని ఉంచాను, దాని మీద 1.97 చూపించింది. ఆ అంకె ఫొటో తీసి బాబాయికి పంపాను.

మొదటి రికార్డు పెట్టాను. చాలా బాగుంది. వాల్యూమ్ కాస్త పెంచాను. ఎక్కడో లారీ ఆగి ఉన్నట్టు "గుమ్మ్" అని ఒక శబ్దం మొదలై, పాటను మించి పెరుగుతూ పోయింది. భయపడి తగ్గించాను. తగ్గిస్తే పోయింది, పెంచితే మళ్లీ వచ్చింది. తప్పుడు ముక్క కొన్నానేమోనని ఆ రాత్రంతా టెన్షన్.

తీరా చూస్తే సమస్య వస్తువులో లేదు. చూడటానికి బాగుంటుందని టర్న్‌టేబుల్‌ని, స్పీకర్లని ఒకే అలమారా మీద, ఒకే పలక మీద వరసగా పెట్టాను. స్పీకర్ అదురు చెక్కలోంచి ముల్లుకి, ముల్లు నుంచి మళ్లీ స్పీకర్‌కి, అలా తిరుగుతూ పెరుగుతోంది. దీన్ని ఎవరైనా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. మోటారు ఆపి, కదలని రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ తక్కువలో ఉంచి పలక మీద వేలితో మెల్లగా తట్టాలి. నాకు ఆ తట్టిన శబ్దం స్పీకర్లలో ఎవరో తలుపు కొట్టినట్టు వినిపించింది.

స్పీకర్లను విడిగా రెండు స్టాండ్ల మీదికి మార్చాను. కూర్చుంటే చెవి ఎత్తుకు వాటి పైభాగంలో ఉండే, పై స్వరాలు పలికే చిన్న డయాఫ్రం వచ్చేలా, గోడకు జానెడున్నర ముందుకు జరిపి, మా సోఫాతో కలిపి మూడు మూలలూ సమానంగా ఉండేలా పెట్టాను. ఒక స్పీకర్ నుంచి రెండోదానికి వెళ్లే తీగ సరిపోలేదు, పొడుగుది కొనాల్సి వచ్చింది. కొనేటప్పుడే ఆ తీగ పొడవు చూసుకోండి, ఎవరూ చెప్పని విషయం అది. స్టాండ్లు గదిలో అడ్డమని మా ఆవిడ అనుకుంది. మళ్లీ పలక మీద తట్టి చూశాను, మునుపటి శబ్దంలో పదో వంతు కూడా లేదు. అదే రికార్డు మళ్లీ పెట్టాక, "గొంతు మధ్యలోంచి వస్తోందే, అక్కడ స్పీకర్ లేదుగా!" అంది తను. ఆ తర్వాత స్టాండ్ల మాట ఎత్తలేదు.

ఆ ఆదివారం బాబాయి వచ్చాడు. రికార్డుల్లోంచి ఒకటి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని దించి, బ్రష్‌తో ఒక్కసారి తుడిచాడు. వంగి ముల్లు వైపు చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. లివర్ తనే దించి, సోఫాలో సరిగ్గా మధ్యలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఒక వైపు అయిపోయాక నేను లేవబోతే చేత్తో ఆపి, తనే వెళ్లి రికార్డు తిరగేశాడు.